‘ఘోస్ట్’ భద్రతా లోపం: దిద్దుబాటు జరిగినా చేరని రక్షణ

2015 జనవరి 27వ తేదీన క్వాలిస్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఒక ప్రకటన వెలువరించింది. లినక్స్‌తో నడిచే సర్వర్లలో అత్యధిక భాగం ఆధారపడే ‘గ్లిబ్‌సీ’ అనే మౌలిక సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో తీవ్రమైన మెమరీ లోపం ఉన్నదని, దాని ఆసరాతో ఎక్కడో దూరాన కూర్చున్న వ్యక్తి ఒక మెయిల్ సర్వర్‌ను తన ఆదేశాలకు లోబరచుకోగలడని ఆ ప్రకటన సారాంశం. అంతర్జాతీయ లోపాల జాబితాలో దీనికి సీవీఈ-2015-0235 అన్న సంఖ్య లభించింది. లోపం దాగి ఉన్న ఫంక్షన్ పేరు ‘గెట్‌హోస్ట్‌బైనేమ్’. ఆ పేరులోని అక్షరాలను కలిపి పరిశోధకులు దీనిని ‘ఘోస్ట్’ అన్నారు. దయ్యం అన్న అర్థం కూడా కలిసివచ్చింది. 2000 నవంబరు 10న విడుదలైన గ్లిబ్‌సీ 2.2 వెర్షన్‌తో పుట్టిన ఈ లోపం పద్నాలుగేళ్లు ఎవరికీ కనబడకుండానే తిరిగింది.

అయితే ఈ ఉదంతంలో అందరినీ ఆశ్చర్యపరచిన విషయం లోపం వయస్సు కాదు. క్వాలిస్ ప్రకటనకు ఏడాదిన్నరకు ముందే, 2013లోనే, గ్లిబ్‌సీ నిర్వాహకులు దానిని సరిచేశారు. 2.17, 2.18 వెర్షన్ల మధ్యకాలంలో ఆ దిద్దుబాటు జరిగింది. దిద్దిన ప్రతి బహిరంగంగా, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నది. అయినా ప్రపంచవ్యాప్తంగా అసంఖ్యాకమైన సర్వర్లు 2015 జనవరి దాకా పాత లోపంతోనే పనిచేస్తూ వచ్చాయి. ఎందువల్ల అన్న ప్రశ్నకు సమాధానం కంప్యూటర్ శాస్త్రంలో కంటే వర్గీకరణలో ఎక్కువగా ఉన్నది.

అందరి ఇళ్లకూ ఒకే పునాది

సాఫ్ట్‌వేర్ పరిభాషలో లైబ్రరీ అంటే పుస్తకాల భాండాగారం కాదు. పదే పదే అవసరమయ్యే పనులను ఒకసారి రాసి, ఎన్ని ప్రోగ్రాములైనా వాడుకునేలా ఒకచోట ఉంచిన సంకేతాల సంపుటి. ఫైలు తెరవడం, అక్షరాలను కాపీ చేయడం, సమయం చెప్పడం, మెమరీలో కొంత చోటు కేటాయించడం వంటి పనులను ప్రతి ప్రోగ్రాము తనకు తానుగా రాసుకోదు. ఈ సంపుటిని అడిగి చేయించుకుంటుంది. గ్నూ ప్రాజెక్టులో భాగంగా 1980వ దశకం చివర రూపుదిద్దుకున్న గ్లిబ్‌సీ, ప్రధాన లినక్స్ పంపిణీలలో ఎక్కువ వాటికి ఇటువంటి ఆధార లైబ్రరీ. దీని ఉనికి సామాన్య వినియోగదారునికి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాదు. తెలుగు అమరికతో ఉన్న లినక్స్ కంప్యూటర్‌లో తేదీ అడిగితే తెరమీద కనిపించే తెలుగు వారాల పేర్లు, నెలల పేర్లు కూడా సాధారణంగా ఈ లైబ్రరీతో పాటు వచ్చే సమాచారంలోనివే.

ఇంతమంది ఒకే పునాదిపై ఇళ్లు కట్టుకోవడంలో సౌలభ్యం ఉన్నది. పునాదిని ఒకచోట బాగుచేస్తే ఇళ్లన్నిటికీ మేలు. అందులో పగులు ఏర్పడితే ప్రమాదం కూడా ఇళ్లన్నిటికీ ఒకేసారి వస్తుంది.

గ్లిబ్‌సీలో సింహభాగం సీ భాషలో రాసినది. బెల్ ప్రయోగశాలల్లో డెనిస్ రిచీ 1970వ దశకం తొలి సంవత్సరాలలో రూపొందించిన ఈ భాష వేగానికి పెట్టింది పేరు. ఆ వేగానికి ఒక కారణం, మెమరీ బాధ్యతను అది పూర్తిగా ప్రోగ్రామర్‌కే వదిలిపెట్టడం. వంద బైట్ల చోటు అడిగి నూట ఎనిమిది బైట్లు రాస్తే సీ భాష ఆపదు, హెచ్చరించదు. అదనంగా రాసిన ఎనిమిది బైట్లు పక్కన ఏది ఉంటే దాని మీద పడతాయి. దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. మెమరీ భద్రతా లోపాలలో ఇది అత్యంత పురాతనమైనది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారులలో కూడా ఇది ఒకటి.

లెక్కలో మరచిన నాలుగో వస్తువు

‘గెట్‌హోస్ట్‌బైనేమ్’ పని సులభమైనది. ఒక వెబ్‌సైటు లేదా సర్వర్ పేరు ఇస్తే దానికి సంబంధించిన అంకెల చిరునామాను వెదికి చెబుతుంది. వెదకడానికి ముందు అది ఒక చిన్న పరీక్ష చేస్తుంది. ఇచ్చినది పేరా, లేక అంకెలు, చుక్కలతో కూడిన చిరునామాయేనా అని చూస్తుంది. అంకెలూ చుక్కలే అయితే వెదకవలసిన పని లేదు కాబట్టి, సమాధానాన్ని అక్కడికక్కడే తయారుచేసి ఇచ్చేస్తుంది. శ్రమ తగ్గించడానికి పెట్టిన ఈ అడ్డదారిలోనే లోపం ఉన్నది.

సమాధానం తయారుచేయడానికి ఒక బఫర్‌లో నాలుగు వస్తువులను వరుసగా అమర్చాలి: చిరునామా, చిరునామాల జాబితాను సూచించే పాయింటర్లు, మారుపేర్ల జాబితాకు ఒక పాయింటర్, చివరగా ఇచ్చిన పేరు. కావలసిన చోటు ఎంతో కూడినప్పుడు మూడింటినే కూడారు. మారుపేర్ల పాయింటర్ లెక్కలోకి రాలేదు. ఒక పాయింటర్ పరిమాణం 32 బిట్ల యంత్రంలో నాలుగు బైట్లు, 64 బిట్ల యంత్రంలో ఎనిమిది. లోటు సరిగ్గా అంతే. పేరు తగినంత పొడవుగా ఉన్నప్పుడు దాని చివరి నాలుగు లేదా ఎనిమిది బైట్లు హద్దు దాటి పక్క మెమరీపై పడతాయి.

పైకి చూస్తే ఇది దాడికి అక్కరకు వచ్చే లోపంగా కనిపించదు. పొంగిపొర్లేది నాలుగు బైట్లు. అందులోనూ సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, చుక్క, ముగింపును తెలిపే శూన్యాక్షరం తప్ప మరేమీ ఉండడానికి వీలులేదు. ఈ కొద్దిపాటి సరంజామాతో ఏమి సాధించగలరన్న అనుమానం సహజం.

బ్యాంకు చలానాను ఊహించుకుంటే సమాధానం కొంత బోధపడుతుంది. ఖాతా సంఖ్య రాయడానికి ఇచ్చిన గడులు చాలక చివరి అంకెలు పక్కనున్న ‘మొత్తం’ గడిలో పడ్డాయనుకుందాం. రాసినవాని ఉద్దేశం ఏదైనా, చదివే గుమాస్తాకు అది డబ్బు లెక్కే. కంప్యూటర్ మెమరీలో కూడా ప్రతి భాగానికీ పక్కనే ఆ భాగం పొడవు ఎంతో రాసి ఉంటుంది. క్వాలిస్ పరిశోధకులు తమ అంకెలు సరిగ్గా ఆ పొడవు గడిలో పడేలా ఏర్పాటు చేశారు. దాంతో చిన్న భాగం పెద్దదిగా నమోదైంది. మెమరీ నిర్వాహక వ్యవస్థ ఒకరి చోటును మరొకరికి కూడా రాసిచ్చింది. అక్కడి నుంచి మెమరీలో ఏముందో చదవడానికి, తర్వాత తాము కోరినది రాయడానికి వారికి దారి దొరికింది.

ఈ ప్రయోగానికి వారు ఎంచుకున్నది ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1995లో మొదలైన ఎగ్జిమ్‌కు విస్తృతమైన వాడుక ఉన్నది. ఒక మెయిల్ సర్వర్ మరొకదానిని పలకరించేటప్పుడు ‘హెలో’ అన్న ఆదేశంతో తన పేరు చెప్పుకుంటుంది. ఈ పలకరింపు పేరు నిజమా కాదా అని అదనంగా తనిఖీ చేసుకునే వెసులుబాటు ఎగ్జిమ్‌లో ఉన్నది. ఆ తనిఖీ కోసం అది పేరును తిన్నగా ‘గెట్‌హోస్ట్‌బైనేమ్’ చేతికి అందిస్తుంది. పొడవాటి అంకెల వరుసను పేరుగా చెప్పి పలకరిస్తే చాలు, లోపం మేల్కొంటుంది. మరికాస్త జాగ్రత్త కోసం అదనపు తనిఖీని అమర్చుకున్న సర్వర్లే ఈ దాడికి అనువుగా మారడం ఈ కథలోని చేదు వ్యంగ్యం. మెమరీ దాడులను అడ్డుకోవడానికి ఆధునిక వ్యవస్థలలో ఉన్న మూడు ప్రధాన రక్షణ కవచాలనూ, 32 బిట్ల, 64 బిట్ల యంత్రాలు రెండింటిలోనూ, ఈ ప్రయోగం దాటిపోయింది.

‘స్థిరత్వం’ తెచ్చిన చిక్కు

2013లో జరిగిన దిద్దుబాటు ఎందుకు అందరికీ చేరలేదన్న విషయానికి వస్తే, లినక్స్ పంపిణీల పద్ధతిని తెలుసుకోవలసి ఉంటుంది. సంస్థలు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు తమ సర్వర్ల కోసం సాధారణంగా దీర్ఘకాలిక మద్దతు ఉన్న పంపిణీలను ఎంచుకుంటాయి. ఇటువంటి పంపిణీలలో లైబ్రరీల వెర్షన్లు ఏళ్ల తరబడి మారవు. కొత్త వెర్షన్‌తో పాటు కొత్త ఇబ్బందులు వస్తాయన్న భయం ఇందుకు కారణం. ఆ భయం నిరాధారమైనది కూడా కాదు. మరి లోపాలు బయటపడినప్పుడు ఏమి చేస్తారు? భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లను మాత్రం ఏరి, పాత వెర్షన్‌కు అతికిస్తారు. మిగిలిన వాటిలో అధిక భాగాన్ని కదలించరు.

ఇక్కడే ‘భద్రతకు సంబంధించిన’ అన్న విశేషణం సర్వస్వమైంది. 2013లో దిద్దినవారు దానిని మామూలు పొరపాటుగానే చూశారు. ఒక లోపం దొరికింది, సవరించారు, ముందుకు సాగారు. దాడికి పనికివచ్చే లోపమని ఎవరూ గుర్తించలేదు, సీవీఈ సంఖ్య అడగలేదు, హెచ్చరిక జారీ కాలేదు. ఏరేవారి చేతికి అది రాలేదు. ఫలితంగా డెబియన్ 7, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6, 7, వాటికి అనుగుణమైన సెంటోస్ 6, 7, ఉబుంటు 12.04 వంటి పంపిణీలు పాత లోపంతోనే మిగిలాయి. ఇవన్నీ నమ్మకానికి మారుపేరుగా నిలిచినవే. మరోవైపు, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లకు మారే ఔత్సాహికుల కంప్యూటర్లు తమకు తెలియకుండానే సురక్షితమయ్యాయి.

దిద్దినవారిని తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఏటా వందలాది పొరపాట్లను సవరిస్తారు. వాటిలో ప్రతిదానినీ దుండగుని కంటితో పరిశీలించాలంటే దానికి వేరే నైపుణ్యం, చాలా సమయం కావాలి. నాలుగు బైట్ల లోపాన్ని సర్వర్‌ను వశపరచుకునే సాధనంగా మలచడానికి నిపుణులైన పరిశోధకుల బృందమే ఎంతో శ్రమించవలసి వచ్చింది. దిద్దే వ్యక్తి ఆ అవకాశాన్ని అప్పటికప్పుడు ఊహించలేదనడం నిందారోపణ కాదు, జరిగినదానిని చెప్పడమే.

భయం ఎంత, ప్రమాదం ఎంత

ఘోస్ట్ ప్రకటన నాటికి ప్రపంచం హార్ట్‌బ్లీడ్ ఉదంతం నుంచి ఇంకా తేరుకోలేదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో బయటపడిన ఆ లోపం సర్వర్ మెమరీలోని రహస్యాలను ఎవరడిగినా ఇచ్చేసింది. ఆ నేపథ్యంలో ప్రత్యేక పేరు, చిహ్నంతో వచ్చిన ఘోస్ట్‌ను కొందరు మరో హార్ట్‌బ్లీడ్‌గా వర్ణించారు. ఈ పోలిక అతిశయోక్తి అన్నవారి మాటలోనే బలం ఎక్కువ. క్వాలిస్ సంస్థ స్వయంగా తన ప్రకటనలో ప్రమాద పరిమితులను వివరించింది. ‘గెట్‌హోస్ట్‌బైనేమ్’ అప్పటికే పాతబడిన ఫంక్షన్. కొత్త ప్రోగ్రాములు ‘గెట్‌యాడర్‌ఇన్ఫో’ అనే మరో ఫంక్షన్‌ను వాడుతున్నాయి. పైగా లోపాన్ని తాకాలంటే దాదాపు వెయ్యి అక్షరాల పొడవున్న పేరు కావాలి. అంత పొడవును చాలా ప్రోగ్రాములు ముందే తిరస్కరిస్తాయి. అపాచీ, ఎంజిన్‌ఎక్స్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, పోస్ట్‌ఫిక్స్ వంటి ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లను పరీక్షించగా వాటిలో దాడికి మార్గం దొరకలేదు. విండోస్‌కు, ఆండ్రాయిడ్ ఫోన్లకు ఈ బెడద అసలే లేదు. ఆండ్రాయిడ్ వాడేది బయోనిక్ అనే వేరొక లైబ్రరీని.

అయినా నిర్వాహకులకు ఊపిరి సలపని రోజులవి. సాధారణ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే ఆ ఒక్కదానిని నవీకరిస్తే సరిపోతుంది. గ్లిబ్‌సీ విషయంలో అది చాలదు. ప్రోగ్రాము మొదలైనప్పుడే లైబ్రరీ ప్రతిని మెమరీలోకి తెచ్చుకుంటుంది. డిస్కు మీద కొత్త ప్రతిని పెట్టినా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత ప్రతితోనే కొనసాగుతాయి. వాటన్నిటినీ ఆపి మళ్లీ ప్రారంభించాలి. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఇదే లైబ్రరీని వాడుతుంది కాబట్టి సర్వర్‌నే పునఃప్రారంభించడం మేలని పంపిణీ సంస్థలు సూచించాయి. రాత్రింబవళ్లు నడవవలసిన సేవలను నిమిషాల పాటైనా ఆపడానికి అనుమతులు, సమన్వయం, సమయం కావాలి. నవీకరణ జరిగిందని కాగితం మీద నమోదై, పునఃప్రారంభం మాత్రం వాయిదాపడిన సర్వర్ సాంకేతికంగా పాత స్థితిలోనే ఉన్నట్టు లెక్క.

పాతదాన్ని వదిలినా

పాత ఫంక్షన్‌ను విడిచి కొత్తదానికి మారినవారికి కూడా నిశ్చింత ఎంతోకాలం నిలవలేదు. 2016 ఫిబ్రవరి 16న గూగుల్, రెడ్ హ్యాట్ ఇంజినీర్లు ‘గెట్‌యాడర్‌ఇన్ఫో’లోనే ఇంకా తీవ్రమైన లోపాన్ని ప్రకటించారు. దాని సంఖ్య సీవీఈ-2015-7547. చిరునామా అడిగినప్పుడు వచ్చే జవాబు కోసం 2,048 బైట్ల చోటును సిద్ధం చేసుకునే ఈ ఫంక్షన్, అంతకు మించిన జవాబు వచ్చినప్పుడు కొన్ని సందర్భాలలో లెక్క తప్పి హద్దు దాటేది. 2008లో వచ్చిన 2.9 వెర్షన్ నుంచీ ఈ లోపం ఉన్నది. ఒక సర్వర్‌కు అనుసంధానమైన ప్రతిసారీ తన ప్రోగ్రాము కుప్పకూలుతుండడం గమనించిన గూగుల్ ఇంజినీరు కారణాన్ని తవ్వుకుంటూ పోగా ఇది బయటపడింది. అప్పటికే 2015 జులైలో ఇదే లోపం గురించి గ్లిబ్‌సీ నిర్వాహకులకు సమాచారం అందిందనీ, రెడ్ హ్యాట్ నిపుణులు విడిగా దానిపై పనిచేస్తున్నారనీ ఆ తర్వాత తెలిసింది. ఈసారి రెండు బృందాలూ కలిసి దిద్దుబాటును, హెచ్చరికను ఒకేసారి విడుదల చేశాయి. దిద్దుబాటుకూ గుర్తింపుకూ మధ్య ఘోస్ట్ విషయంలో ఏర్పడిన ఎడం ఇక్కడ ఏర్పడలేదు.

2023 అక్టోబరులో క్వాలిస్ సంస్థే గ్లిబ్‌సీలో మరో బఫర్ ఓవర్‌ఫ్లోను వెలికితీసింది. ‘లూనీ ట్యూనబుల్స్’ అని పేరుపెట్టిన ఈ లోపం, ప్రోగ్రాములను మెమరీలోకి ఎక్కించే భాగంలో 2021 ఏప్రిల్‌లో చేరింది. కంప్యూటర్‌లో సాధారణ ప్రవేశం ఉన్న వ్యక్తి దీని ద్వారా సర్వాధికారాలు పొందగలడు. పాతకాలపు సంకేతంలోనే లోపాలు ఉంటాయన్న అభిప్రాయాన్ని ఈ మూడో ఉదంతం బలహీనపరచింది.

సమస్య మూలం భాషలోనే ఉన్నదన్న వాదన ఇటీవలి సంవత్సరాలలో బలపడింది. తమ ఉత్పత్తులలో ఏటా నమోదయ్యే భద్రతా లోపాలలో 70 శాతం వరకు మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో వెల్లడించింది. క్రోమ్ బ్రౌజర్‌లోని తీవ్రమైన లోపాలలో కూడా ఇంచుమించు అదే నిష్పత్తి అని 2020లో గూగుల్ పేర్కొన్నది. హద్దుల తనిఖీని భాషే చేపట్టే రస్ట్ వంటి భాషల వైపు పరిశ్రమ మొగ్గుతున్నది. రస్ట్ తొలి స్థిర వెర్షన్ 2015 మే నెలలో, అంటే ఘోస్ట్ ప్రకటనకు నాలుగు నెలల తర్వాత విడుదలైంది. కొత్తగా రాసే భాగాలకు ఇటువంటి భాషలను వాడడం వల్ల ఆండ్రాయిడ్‌లో మెమరీ లోపాల వాటా 2019లో ఉన్న 76 శాతం నుంచి 2024 నాటికి 24 శాతానికి దిగిందని గూగుల్ గణాంకాలు తెలుపుతున్నాయి. అయితే లినక్స్‌లో నడిచే రస్ట్ ప్రోగ్రాము కూడా సాధారణంగా ఫైలు తెరవడానికో, పేరుకు చిరునామా వెదకడానికో చివరకు గ్లిబ్‌సీనే ఆశ్రయిస్తుంది. పై అంతస్తులు ఎంత పటిష్ఠంగా కట్టినా పునాది మారలేదు.

మన దేశంలో ఇటువంటి లోపాలపై హెచ్చరికలు, సూచనలు జారీ చేసే బాధ్యత 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ సంస్థది. సైబర్ ఘటనలు దృష్టికి వచ్చిన ఆరు గంటలలోగా తనకు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఈ సంస్థ ఆదేశించింది. సీ-డ్యాక్ రూపొందించిన దేశీయ లినక్స్ పంపిణీ ‘బాస్’ డెబియన్ ఆధారితమైనది; కాబట్టి డెబియన్ ఏ దిద్దుబాటును భద్రతాపరమైనదిగా గుర్తిస్తుందన్నది ఇక్కడి వినియోగదారులకు కూడా ముఖ్యమే.

ఏ పొరపాటును భద్రతా లోపమని పిలవాలి అన్న ప్రశ్నకు లినక్స్ కెర్నెల్ నిర్వాహకులు 2024 ఫిబ్రవరిలో తమదైన జవాబు ఇచ్చారు. సీవీఈ సంఖ్యలను స్వయంగా కేటాయించే అధికారం పొందిన వెంటనే వారు ఒక విధానం ప్రకటించారు. కెర్నెల్ స్థాయిలో దాదాపు ఏ పొరపాటైనా దాడికి ఉపయోగపడవచ్చు, దిద్దే సమయంలో అది తెలియకపోవచ్చు. అందువల్ల సంఖ్యలు ఇవ్వడంలో ఉదారంగానే ఉంటామన్నది దాని సారం. ఆ తర్వాత కెర్నెల్ పేరిట నమోదయ్యే సంఖ్యలు ఏటా వేలకు చేరాయి. వీటిలో దేనిని ముందు చూడాలో తేల్చుకోలేకపోతున్నామని పలువురు భద్రతా నిపుణులు, నిర్వాహకులు అంటున్నారు. సందేహం ఉన్నప్పుడు సంఖ్య ఇవ్వడమే సురక్షితమని, ఏది తమకు వర్తిస్తుందో వాడుకదారులే నిర్ణయించుకోవాలని కెర్నెల్ బృందం చెబుతున్నది.